ఇత్తడి బొత్తాం, మైనస్ ఇరవై

శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ పదికి ఆసుపత్రి వ్యాక్సిన్ స్టోర్‌లో సరుకుల లిఫ్ట్ మూడో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఫ్రీజర్ల టెక్నీషియన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లిఫ్ట్ కోసం నిలబడ్డ గుమాస్తా "డ్యూటీ దిగాక పడుకోవయ్యా, లే" అన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయని ఆ తర్వాత గమనించాడు.

కుడి చెవి వెనక సూది గుచ్చిన గుర్తు, ఆవగింజంత. ఎడమ చెయ్యి పిడికిలి బిగిసి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పితే లోపల ఒక ఇత్తడి బొత్తాం. అరచెయ్యి తడిగా ఉందని ఫోటోలు తీసినవాడు రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం రిపోర్టులో ఏడో పేజీకి జారిపోయింది. ఆ పగలంతా ఆరో పేజీ దాటి ఎవరూ చదవలేదు.

పదకొండు గంటలకి చీఫ్ ప్లాస్టిక్ కవర్‌ని టేబుల్ మీదుగా తోశాడు.

"పెనుగులాటలో హంతకుడి కోటు నుంచి ఊడిన బొత్తాం. కోటు దొరికితే మనిషి దొరుకుతాడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో 'మచ్చ' అంటారు. ఎడమ భుజం మీద బొటనవేలి గోరంత గుంట ఉంటుంది అతనికి. పసితనంలో వేసిన మశూచి టీకా గుర్తు. మశూచి లోకంలోంచి పోయింది, టీకా మానేశారు, గుంట మిగిలింది. ముప్ఫై ఏళ్ళుగా వేషాలు మార్చీ మార్చీ అద్దంలో ఇది నాదే అని నమ్మకంగా చెప్పగలిగింది ఆ గుంట ఒక్కదాని గురించే. దాన్ని ఎవరు వేశారో, తను ఏడ్చాడో లేదో అతనికి గుర్తులేదు.

"నిన్నే ఎందుకు పిలిచానో తెలుసా?"

"మంకీపాక్స్ రోగుల ఐసొలేషన్ వార్డు పక్కన పని. మీ దగ్గర ఈ టీకా ఉన్న ముసలాణ్ణి నేనొక్కణ్ణే."

"మశూచీ మంకీపాక్సూ అన్నదమ్ముల పిల్లలట. ఒకదాన్ని గుర్తుపట్టిన ఒళ్ళు రెండోదాన్నీ ఎంతో కొంత పడుతుందట."

"యాభై ఏళ్ళ కిందటి గుర్తు సార్."

"అందుకే గ్లవ్స్ కూడా వేసుకో."

చీఫ్ నవ్వలేదు. అతను నవ్వడం ఎవరూ చూడలేదు. ఫైలు తెరిచి చదివాడు. కోరస్ అనే విదేశీ ముఠా. రెండు దేశాల్లో ఇప్పటికే జనానికి ఆసుపత్రుల మీద నమ్మకం పోగొట్టారు. నిన్న పట్టుకున్న మెసేజ్: *శనివారం పది గంటలకి అందరూ చేతులు చాపుతారు. ఆ రోజు మనం చెయ్యాల్సిందేమీ లేదు.*

"రేపు పదింటికే టీకాల కార్యక్రమం. మూడువందల పన్నెండు డోసులు. వార్డు నర్సులు, ల్యాబ్ వాళ్ళు, అంబులెన్స్ డ్రైవర్లు. టీవీ కెమెరాలు కూడా వస్తాయి. చెయ్యాల్సిందేమీ లేదంటే బాంబు ఇప్పటికే పెట్టేశారన్నమాట. ఫ్రీజర్లకి సీలు వేయించాను. రేపు తొమ్మిది దాకా ఎవరూ తెరవరు."

"అనుమానితులు?"

"ఒక మనిషి దొరికింది. స్టోర్ ఇన్‌ఛార్జి. ఫ్రీజర్ పిన్ని అంటారట అందరూ. ఆవిడ లాకర్లో పాత యూనిఫాం కోటుంది. ఇత్తడి బొత్తాలు. రెండు లేవు."

"ఒప్పుకుందా?"

"బొత్తాలు నావే అంటుంది. ఎక్కడ పోయాయంటే 'కప్పు చూడండి, కప్పు చూడండి' అని ఒకటే పాట. ఆవిడ గదిలో కప్పులన్నీ ఎక్స్-రే తీశాం, ఏమీ లేదు. కోడ్ వర్డ్ అయ్యుంటుంది. కోడ్‌లు విప్పే క్రిప్టో వాళ్ళకిచ్చాను."

"నేనొకసారి మాట్లాడతాను."

"క్రిప్టో వాళ్ళు అయ్యాక. ముందు స్టోర్ చూడు."

* * *

ఫ్రీజర్ కంపెనీ ఇంజనీరు వేషం. ముదురు నీలం కోటు, అడుగున అర ఉన్న టూల్ బాక్స్, కెమెరా ఉన్న పెన్ను. స్టోర్ హాల్లో రెండు ఫ్రీజర్లు పక్కపక్కన మూలుగుతున్నాయి. రెంటికీ ఎర్ర సీలు. ఒకటో నంబరు కొత్తది, బీరువా అంత ఎత్తు. రెండో నంబరు పొట్టిది, దాని మీద అట్టముక్క వేలాడుతోంది: 'పాడైంది'.

అతను లాగర్ స్క్రీన్ ముందు నిలబడ్డాడు. లోపలి చలిని ప్రతి అయిదు నిమిషాలకీ రాసుకునే యంత్రం అది. ఒకటో ఫ్రీజర్: మైనస్ ఇరవై. నిన్న, మొన్న, పదకొండు రోజులుగా మైనస్ ఇరవై. స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత. రెండో ఫ్రీజర్ గీత వణుకుతోంది. మైనస్ పంతొమ్మిది, ఇరవై ఒకటి, మళ్ళీ పంతొమ్మిది.

అంతా సవ్యంగా ఉందని రిపోర్టు రాయొచ్చు. పెన్ను కాగితం మీద ఆగింది.

గీతలు చదవడం అతని వృత్తి. గుండె గీత తిన్నగా సాగితే మనిషి పోయాడని. అబద్ధాల మిషన్ మీద తిన్నగా సాగితే ఆ మనిషి రిహార్సల్ వేసుకొచ్చాడని. బతికున్నది ఏదైనా కాస్త వణుకుతుంది. బాగున్న ఫ్రీజర్‌కి వణుకు లేదు, పాడైన దానికి ఉంది. అది ఎక్కడో గుచ్చుకుంది, ఎందుకో తెలియలేదు. రెండు గీతల్నీ ఫోటో తీసుకుని కిందికి దిగాడు.

కింద నేలమాళిగలో ఆసుపత్రి లినెన్ సెక్షన్. దాని ఇన్‌ఛార్జి అతని చెల్లెలు.

ఆమె ఒక్కతే ఉంది, గాజు తలుపు అవతల, మాస్కుతో. లోపలికి రావద్దని చెయ్యి ఊపింది. తలుపుకి పక్కన ఫోను ఉంది. ఇద్దరూ తీశారు.

"ఇంజనీరువెప్పుడయ్యావు అన్నయ్యా?"

"ఇవాళ పొద్దున్నించి."

"పోయినసారి పళ్ళ డాక్టరువి. అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో, ఒక్క కొడుకుతో అన్ని ఉద్యోగాలూ తీరాయి."

"ఎందుకు అవతలుండి మాట్లాడుతున్నావు అమ్మడూ?"

ఆమె మాస్కు సర్దుకుంది. తర్వాత, బట్టల లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు. వార్డు దుప్పట్లు పసుపు సంచిలో రావాలి, ఎవరో తెల్ల సంచిలో కట్టారు. తెల్ల సంచి అంటే మామూలు మైల బట్ట. గ్లవ్స్ లేకుండా విప్పి దులిపింది. దులిపాక దుప్పటి మీద ముద్ర చూసింది: ఐసొలేషన్. పొక్కుల మీద పెచ్చులూడిన దుప్పటి. వేలి మీద పాత కోత ఉంది.

"సబ్బుతో కడిగాను. పావుగంట కడిగాను. ఎవర్నీ ముట్టుకోకుండా ఇక్కడే పడుకుంటున్నా. నా కంచం, నా గ్లాసు, నా తువ్వాలు వేరే."

అతను రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ పోయాయి. అతను ఒకటిచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నా సాయంత్రం మాత్రలు మింగుతోంది, ఒళ్ళు ఆ కిడ్నీని గుర్తుపట్టకుండా ఉండటానికి.

"డాక్టరుగారు ఏమన్నారు?"

"మామూలు మనిషికైతే ఒంట్లో కాపలావాళ్ళుంటారట. చర్మం దగ్గరే కాచుకుని ఉండి, వైరస్ దూరగానే దాని ముక్క ఒకటి పట్టుకుని మెడలోనో గజ్జల్లోనో ఉన్న గ్రంథి దగ్గరికి పరిగెడతారట. ఇదిగో దొంగ, ఇదీ వాడి ముఖం అని. అక్కడ హడావుడి మొదలవుతుంది, గ్రంథి బిళ్ళ కడుతుంది. ఆటలమ్మలో అంతగా కట్టదు, దీన్లో కడుతుందట. అక్కణ్ణించి రెండు రకాల వాళ్ళు బయల్దేరతారు. ఒకళ్ళు బయట తిరిగే వైరస్‌ని పట్టేస్తారు, ఇంకొకళ్ళు అది దాక్కున్న కణాల్ని ఇల్లుతో సహా తగలబెడతారు. పనయ్యాక కొందరు మాత్రం ఇంటికి పోరు. ఏళ్ళ తరబడి ఆ ముఖం గుర్తుపెట్టుకుని కూర్చుంటారు."

"మా డిపార్ట్‌మెంటే."

"మీకంటే నయం. వాళ్ళు ఏడో పేజీ కూడా చదువుతారు." ఎప్పుడో అతనే చెప్పుకున్న బాధ అది, తిప్పి కొట్టింది. "నావాళ్ళకి తొమ్మిదేళ్ళుగా నేనే నిద్రమాత్రలేస్తున్నాను కదా. ఈ వైరస్ అసలే మాయలమారిదట, వస్తూనే కాపలావాళ్ళ వైర్‌లెస్ సెట్లు మూగబోయేలా చేస్తుందట. నాకొస్తే ఒళ్ళంతా పుండవుతుంది, కళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగుతుంది. నీ కిడ్నీ కూడా..."

"టీకా?"

"తగిలిన నాలుగు రోజుల్లోపు వేస్తే చాలావరకు ఆపొచ్చట. తర్వాత వేస్తే తీవ్రత తగ్గించడం వరకే. ఈ కొత్త టీకా పళ్ళు పీకిన పాము లాంటిదట. ముఖం చూపిస్తుంది, కరవదు. నాబోటి దానికి కూడా వెయ్యొచ్చు. రేపు పదింటికి లైన్లో మొదటి చెయ్యి నాదే. పన్నెండుతో నా నాలుగు రోజులు అయిపోతాయి."

"భయమేస్తోందా?"

"దులిపేటప్పుడు వెయ్యలేదు. నువ్వడుగుతుంటే వేస్తోంది."

మెట్లెక్కుతుంటే అతనికొక ఆలోచన వచ్చింది. ఆమె అతని తర్వాత పదేళ్ళకి పుట్టింది, అప్పటికి టీకాలు ఆగిపోయాయి. ఆమె భుజం నున్నగా ఉంటుంది. అతను ఇవ్వగలిగింది కిడ్నీ మాత్రమే. గుర్తు మజ్జలో ఉంటుంది, నెత్తుట్లో ఉంటుంది. దాన్ని కోసి ఇవ్వడానికి లేదు.

* * *

సాయంత్రం అయిదు. హోటల్ లాంజ్. పియానో పక్కన ఆకుపచ్చ పట్టుబట్టల్లో ఆమె. చూపు ఒకసారి అటు పడ్డాక వెనక్కి తీసుకోవడానికి కాస్త ప్రయత్నం కావాలి. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు నెమలి. సోమ బుధవారాలు కోరస్ మనిషి, మంగళ గురువారాలు మన మనిషి. ఇవాళ శుక్రవారం.

"ఈ పియానో శ్రుతి తప్పింది," అందామె.

"పియానో కాదు, వేళ్ళు తప్పాయి."

కోడ్ సరిపోయింది. అతను కూర్చున్నాడు. ఉక్కపోసే కాలంలో ఆమె మెడ చుట్టూ సిల్కు స్కార్ఫ్ బిగించి ఉంది. కాఫీ గుటక వేసినప్పుడల్లా కళ్ళు చిట్లించింది.

"గొంతు నొప్పా?"

"ఏసీ పడలేదు. నీ చెల్లెలి గడువు రేపు మధ్యాహ్నం పన్నెండు, అవునా?"

అతని ముఖంలో ఏమీ కదల్లేదు. ముప్ఫై ఏళ్ళ అభ్యాసం. కానీ టేబుల్ కింద మోకాలు కదిలింది. అది అభ్యాసానికి లొంగలేదు.

"రెండు వారాల కిందట వార్డుకెళ్ళాను, దయగల ధనవంతురాలి వేషంలో. కెమెరా ముందు రోగుల చేతులు కూడా పట్టుకున్నాను. అప్పట్నించి ఆసుపత్రిలో ఆకు కదిలినా నాకు తెలుస్తుంది. భయపడకు, మావాళ్ళు నాకు ముందే టీకా వేశారు."

హ్యాండ్‌బ్యాగులోంచి అరచేతిలో పట్టే ఎర్ర ఫ్లాస్కు తీసి పెట్టింది. మూత మీద నంబర్ల తాళం. చిన్న ఆకుపచ్చ లైటు.

"ఒక్క డోసు. ఆ లైటు వెలిగినంతసేపూ బాగుంటుంది. బలవంతంగా తెరిచినా, నేనిది నొక్కినా లోపల వేడెక్కి మాడిపోతుంది." మణికట్టు మీది వాచీ చూపించింది. "తాళం నంబర్ రేపు పదకొండుకి ఫోన్లో చెప్తాను. ఇంకా గంట టైముంటుంది నీకు."

"బదులుగా?"

"పది నుంచి పదకొండు దాకా ఏమీ చెయ్యకు. ఏమీ అనిపించకుండా కూర్చోవడం నీకు కొత్త కాదుగా."

ఆమె లేచి వెళ్ళింది. అత్తరు వాసన కాసేపు కుర్చీలోనే ఉంది. ఫ్లాస్కు కూడా అక్కడే ఉంది. అతను తీసుకున్నాడు.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏట్లో నీళ్ళున్నప్పుడు ఎవరూ చెంబుతో దానం చెయ్యరు. రేపు చెల్లెలికి వేసే డోసు మంచిదైతే ఈ ఒక్క డోసు లంచంగా పనికిరాదు. అంటే ఆ మూడువందల పన్నెండూ చచ్చిపోయి ఉన్నాయి. బాంబు లేదు. అందరూ చేతులు చాపుతారు, అందరికీ సూది దిగుతుంది, ఎవరి ఒంటికీ ఏ ముఖమూ కనపడదు. రక్షణ ఉందని ధీమాగా వార్డులోకి నడుస్తారు. వాళ్ళకి పొక్కులు లేచిన రోజు ఊరు మొత్తం టీకా వైపు చూడటం మానేస్తుంది.

ఇదంతా అర్థమైన మరుక్షణం మనసు చెల్లెలి దగ్గరికే వెళ్ళింది. మిగతా మూడువందల పదకొండు మందికీ ముఖాల్లేవు. ఆమెకి ఉంది. తను నొక్కిపెట్టడం నేర్చుకున్నవన్నీ ఎక్కడికీ పోలేదని, ఇన్నాళ్ళూ మాత్రలేసుకుని పడుకున్నాయని అతనికి తెలిసింది.

ఆరింటికి చీఫ్‌కి ఫ్లాస్కు చూపించి అంతా చెప్పాడు. తన మీద తనకి నమ్మకం చాలక చెప్పాడు.

"ఆధారం?" అన్నాడు చీఫ్.

"లంచం ఇచ్చింది."

"అది ఆధారం కాదు, ఆవిడ అలవాటు. మంచి టీకాలు మన చేత్తోనే పారబోయించడం వాళ్ళ ప్లానైతే?"

"ల్యాబ్‌లో పరీక్ష..."

"పది రోజులు పడుతుంది. లాగర్ మైనస్ ఇరవై అంటోంది. నువ్వు నెమలి ఇచ్చిన లంచాన్ని నమ్మి యంత్రం చెప్పేది కాదంటున్నావు. పదింటిలోపు ఆధారం తే, ఆపుతాను. లేకపోతే నీ చెల్లెలు మొదటి చెయ్యి చాపుతుంది."

* * *

శనివారం తొమ్మిదిన్నర. క్రిప్టో వాళ్ళు రాత్రంతా 'కప్పు'ని పద్నాలుగు రకాలుగా విడగొట్టి ఓడిపోయారు. అప్పుడు పిన్నిని అతనికి అప్పగించారు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వెవరు నాయనా? కప్పు డిపార్ట్‌మెంటా, బొత్తాం డిపార్ట్‌మెంటా?"

అతను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ హంతకుడి గురించే. ఎందుకో రాత్రి చదివిన రిపోర్టులో ఏడో పేజీ గుర్తొచ్చింది. అరచెయ్యి తడి.

"పిన్నిగారూ, బొత్తాం ఎక్కడ పోయిందని అడగను. మీరు దాన్ని ఎక్కడ పెట్టారు?"

ఆమె కాళ్ళు కిందికి దించింది.

"ఇంతసేపటికి ఒక్కడు మనిషిలా అడిగాడు. స్టీలు కప్పు నిండా నీళ్ళు పోసి గడ్డకట్టిస్తాను. గడ్డ మీద ఇత్తడి బొత్తాం పెట్టి ఫ్రీజర్లో ఓ మూల ఉంచుతాను. ఫ్రీజర్‌కో కప్పు. యంత్రాన్ని నేన్నమ్మను బాబూ, దాన్నెవరైనా మేనేజ్ చేస్తారు. ఫ్రీజర్ ఆగి మళ్ళీ నడిచిందనుకో, మంచు కరిగి బొత్తాం మునుగుతుంది. మళ్ళీ గడ్డకట్టాక బొత్తాం అడుగున దొరుకుతుంది. కరిగి గడ్డకట్టిన టీకా ఎందుకు పనికొస్తుంది? ముఖం చెరిగిపోయిన ఫోటో అది. పైకి మాత్రం అలాగే ఉంటుంది."

"టెక్నీషియన్‌కి తెలుసా ఈ సంగతి?"

"నేనే నేర్పాను. మొదట్లో నవ్వేవాడు. తర్వాత రోజూ పొద్దున్నే వాడే చూసి చెప్పేవాడు, 'పిన్నీ, పైనే ఉంది' అని." ఆమె కాలితో చెప్పులు వెతుక్కుంది. "నిన్న చెప్పడానికి రాలేదు. బుధవారం ఎవరో మెయింటెనెన్స్ పిల్ల వచ్చి ఒకటో నంబరు దగ్గర మూడు గంటలు కూర్చుందట. ఆ రోజూ మర్నాడూ నాకు సెలవు. మర్నాడు వాడూ రాలేదు."

అతనికి రెండు గీతలు కళ్ళ ముందు మెదిలాయి. వెనకటి రోజులతో సహా చెరిపి, యంత్రం చేత అబద్ధంగా గీయిస్తున్న తిన్నటి గీత ఒకటి.

"రెండో ఫ్రీజర్ పాడైంది కదా పిన్నిగారూ?"

"నీ మొహం. పాడైందని బోర్డు పెట్టకపోతే ప్రతివాడూ వచ్చి నీళ్ళ సీసాలు కుక్కుతాడు. శుభ్రంగా నడుస్తోంది. ఒకటోదాంట్లో పట్టక నలభై డోసులు దాన్లో పెట్టాను. అన్నీ ఒక్కచోటే పెట్టడం మా అమ్మ నేర్పలేదు."

తొమ్మిదీ నలభై ఆరు. ఇద్దరూ స్టోర్‌కి పరిగెత్తారు. ఆమెకి మోకాళ్ళ నొప్పి, అయినా ముందే ఉంది. ఒకటో ఫ్రీజర్ సీలు అప్పటికే తీశారు, డోసులన్నీ హాల్లోకి వెళ్ళిపోయాయి. మూలన కప్పు లేదు. దాని అడుగు మోపిన గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. మిగిలిన ఖాళీ అట్టపెట్టెలు అడుగున తడిసి, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి ఉన్నాయి. అతను రెండో ఫ్రీజర్ సీలు చింపాడు.

స్టీలు కప్పు. గడ్డకట్టిన నీళ్ళు. పైన, పొడిగా, ఇత్తడి బొత్తాం.

* * *

హాల్లో కెమెరాలు వెలిగి ఉన్నాయి. మొదటి వరసలో స్కార్ఫ్ కట్టుకున్న దయగల ధనవంతురాలు. కుర్చీలో అతని చెల్లెలు, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి. నర్సు దూదితో తుడిచింది. గడియారం పది కొట్టడానికి సిద్ధంగా ఉంది.

తలుపు దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు. జేబులో ఫ్లాస్కు ఉంది. ఆకుపచ్చ లైటు. ఇప్పుడు నోరు తెరిస్తే అది ఆరిపోతుంది. రెండో ఫ్రీజర్ నలభై డోసులూ నిజంగా మంచివేనా అంటే అతని దగ్గరున్న రుజువు ఒక ముసలావిడ, ఒక బొత్తాం. ఇటువైపు ఒక డోసు, చేతికి తగులుతూ. ఆ క్షణంలో అతను ఏమీ ఆలోచించలేదని తర్వాత రిపోర్టులో రాశాడు. అది అబద్ధం. ఆగిన ఆ క్షణం అతనికి ఇప్పటికీ గుర్తుంది.

"ఆపండి!"

సూది మొన చర్మానికి అంగుళం దూరంలో ఆగింది. స్టీలు కప్పు పట్టుకుని పరిగెత్తుకొస్తున్న ఇంజనీరుని చూసి ఎవరో నవ్వారు కూడా. అతను కప్పునీ, గడ్డకట్టిన అట్టపెట్టెల దిమ్మనీ చీఫ్ ముందు పెట్టాడు. నాలుగు వాక్యాల్లో చెప్పాడు. చీఫ్ బొత్తాన్ని గోటితో గీకాడు. అది కదల్లేదు.

"అన్ని ట్రేలూ వెనక్కి తీసుకోండి," అన్నాడు చీఫ్.

మొదటి వరసలో నెమలి వాచీ నొక్కింది. అతని జేబులో బుస్సుమని శబ్దం. లైటు ఎర్రగా మారింది, తర్వాత ఆరింది.

ఆమె పారిపోలేదు. లేవబోయి కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. స్కార్ఫ్ జారింది. మెడకి రెండు పక్కలా నిమ్మకాయంత బిళ్ళలు. చెంప కింద చిన్న పొక్కు, మధ్యలో సొట్టతో. దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు. పిన్ని ఒక్కతే గ్లవ్స్ తొడుక్కుని ఆమె మొహానికి మాస్కు పెట్టింది.

పదకొండూ ఇరవైకి రెండో ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన మొదటి డోసు అతని చెల్లెలి చర్మం కిందికి వెళ్ళింది. గడువుకి ఇంకా నలభై నిమిషాలుంది. ఆమె గాజు గోడ అవతల నుంచి ఫోను తీసింది.

"ఆ కప్పేంటి అన్నయ్యా? నాకు కాఫీ తెస్తున్నావనుకున్నా."

* * *

నాలుగో రోజు అతను పూర్తి రక్షణ దుస్తుల్లో ఐసొలేషన్ గదికి వెళ్ళాడు. నెమలి ముఖాన్ని పొక్కులు ఆక్రమించుకున్నాయి. పెచ్చులన్నీ రాలి కింద కొత్త చర్మం వచ్చేదాకా ఆమె ఆ గది దాటదు. తర్వాత ఇంకో గదికి పోతుంది, దానికి కిటికీ కూడా ఉండదు.

"లిఫ్ట్‌లో వాడు పగలగొట్టిన మంచుముక్కలున్న కప్పు పట్టుకొచ్చాడు," అందామె. "బుధవారం వచ్చిన పిల్లవి నువ్వే కదా అన్నాడు. పని కానిచ్చి కప్పు పట్టుకుపోయాను. మంచుకోసం చచ్చాడేమిటా అనుకున్నాను. పిడికిలి చూడలేదు."

"ఫ్లాస్కులో ఉన్నది పరీక్ష చేశారు. ఉప్పునీళ్ళు."

"అబద్ధం. మంచి డోసు అని వాళ్ళు నాకు చెప్పారు."

"నీకు టీకా వేసింది కూడా వాళ్ళేనా?"

ఆమె చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి వెళ్ళి ఆ బిళ్ళని తడిమింది. ఆమె ఒళ్ళు తన పని తను చేస్తోంది. దానికి ఎవరూ ముందుగా ఏమీ చెప్పలేదు, అంతే.

తర్వాత రోజులు లెక్కపెట్టడమే అతని ఉద్యోగమైంది. తగిలిన రోజు నుంచి ఇరవై ఒకటి. పొద్దున్నే ఫోన్. జ్వరముందా, బిళ్ళలున్నాయా, మచ్చలున్నాయా. టెక్నీషియన్ బల్ల మీద అతని కళ్ళజోడు ఇంకా అలాగే ఉందని పిన్ని చెప్పింది. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదట.

ఇరవై రెండో రోజు ఫోన్ అటువైపు నుంచే వచ్చింది.

"ఏమీ రాలేదు అన్నయ్యా. డాక్టరు వదిలేశారు. నాలుగు వారాలకి రెండో డోసు మానొద్దన్నారు, గ్లవ్స్ మానొద్దన్నారు, పసుపు సంచైనా తెల్ల సంచైనా ముందు ముద్ర చూడమన్నారు."

"కిడ్నీ?"

"బాగుంది. అన్ని మాత్రలు మింగినా నావాళ్ళు దొంగొచ్చినప్పుడు కాస్త లేచినట్టున్నారు. నీ కిడ్నీ జోలికి మాత్రం పోలేదు. నువ్వెవరో వాళ్ళకింకా తెలీదు."



ఆ మధ్యాహ్నం చీఫ్ కేసు ఫైలు మూసి, తల పైకెత్తి అతని కోటు వైపు చూశాడు. పైనుంచి రెండో బొత్తాం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, దారం వేలాడుతోంది.

"బొత్తాం లేని కోటు. ఈ ఆఫీసులో దానికి జనాన్ని అరెస్టు చేస్తాం తెలుసా?"

"పిన్నిగారి బొత్తాం ఎవిడెన్స్ గదిలో ఉండిపోయింది సార్. కొత్త కప్పుకి ఇంకోటి కావాలని నాది కోసుకున్నారు."

చీఫ్ పెన్ను మూత పెట్టాడు. "అయితే ఇప్పుడది ఎక్కడుంది? కప్పు పైనా, అడుగునా?"

"పైనే సార్. పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కున్నాను."